సాయిలు టైరు వేసిన బాట

కామాటిపురలోని మా గల్లీ నుంచి బైకుల్లా స్టేషన్‌కు సైకిల్ నడిపించుకుంటూ బయలుదేరాను. అప్పటికింకా నల్లా దగ్గర బిందెల కొట్లాట మొదలు కాలేదు. తొక్కుకుంటూ పోవచ్చు. కాని వెనక క్యారియర్‌కు అడ్డంగా కట్టిన చెక్క పలక సందుల్లో మెట్లకు తగులుతుంది. ఆ పలక మీద మా అవ్వ, అంటే మా అమ్మ, గొంగడి మడిచి, తాడుతో బిగించి కట్టింది. జ్వరం మనిషిని కూర్చోబెట్టుకుని తేవాలంటే అంతకంటే ఉపాయం నాకు తోచలేదు.

ఆ జ్వరం మనిషి మా తమ్ముడు సాయిలు. నాకు సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉంది. మిల్లుల సమ్మెలో సాయిలు పని పోయాక నా దుకాణంలోనే కూర్చుని, తుక్కులోంచి ఏరిన సామానుతో ఒక సైకిల్ కట్టాడు. వెనక పళ్లచక్రం పెద్దది, టైర్లు సామాను మోసే మూడు చక్రాల బండివి. "ఇది కొండెక్కుతది అన్నా" అన్నాడు. "నీ మొకం, ముందు గ్రాంట్ రోడ్ బ్రిడ్జి ఎక్కు" అన్నాను. ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఆ బండి మీదే కసారా అవతలి అడవిలో నీళ్ల సొరంగం తవ్వుతున్న పాలమూరు గుంపులో చేరిపోయాడు. వానాకాలంలో అక్కడికి జీపు పోదు. తపాలా, మందులు, చిన్న సామాను అడవి బాటన తెచ్చే పని వాడిది.

ముందురోజు ఆ గుంపులోని కూలీ ఒకడు ఊరికి పోతూ నా దుకాణం ముందు ఆగాడు. "పోచన్నా, నీ తమ్మునికి జరం బాగున్నది. జల్ది రమ్మన్నడు మేస్త్రీ" అన్నాడు. చాయ్ తాగమంటే తాగలేదు. నా ముఖం కూడా చూడలేదు. బండి అందుకునే తొందరలో ఉన్నాడనుకున్నాను. అవ్వతో మాత్రం "వాడికి కొంచెం నలతగా ఉందట, తీసుకొస్తా" అని అంతవరకే చెప్పాను.

కసారా లోకల్‌లో సైకిల్‌ను సామాన్ల డబ్బాలో ఎక్కించాలి. దానికి వేరే టికెట్టు తీసుకోండి, లేకుంటే దాదర్ దాటకముందే దింపేస్తారు. డబ్బాలో ఖాళీ పాల క్యాన్లతో ఒక పెద్దాయన ఉన్నాడు. పలక చూసి "ఇది దేనికి భావూ?" అని మరాఠీలో అడిగాడు. చెప్పాను. "అయితే నడుముకు ఒక దిండు కూడా పెట్టు, ఘాట్ దారి ఒళ్లు హూనం చేస్తుంది" అన్నాడు. మంచి మాటే. కసారాలో దిగి బస్టాండు దగ్గర వరిగడ్డి అడుక్కుని సంచిలో కూరి దిండు చేశాను. రెండు వడాపావ్‌లు తిని, సైకిల్‌ను ఎర్ర బస్సు టాపు మీదకు ఎక్కించాను.

బస్సు ఘాట్ ఎక్కాక ఒక మలుపులో దింపుతుంది. అక్కడ చాయ్ పాక ఒక్కటే. కుడివైపు లోయలోకి దిగే ఎర్రమట్టి బాటే మన బాట. ఇక్కడే నీళ్లు నింపుకోండి, బ్రేకులు బిగించుకోండి. నగరంలో బ్రేకు ఉన్నా లేకున్నా కాలు ఆనిస్తే బండి ఆగుతుంది. ఇక్కడ కాలు ఆనిస్తే కాలే పోతుంది.

వానలు వెలిసి వారమైంది. గట్టిపడిన మట్టిలో వెడల్పాటి టైరు గీత ఒకటి కనిపించింది. దాని అచ్చు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, ఆ టైరు తొడిగింది నేనే. దారి చీలిన ప్రతిచోటా కొమ్మకు ఎర్ర గుడ్డ పీలిక వేలాడుతోంది. మేముండే చాల్ భవనం కింద దర్జీ దుకాణంలో పారేసే పీలికలవి. వాడు సంచెడు ఎందుకు మోసుకుపోయాడో అప్పుడు అర్థమైంది. టేకు చెట్ల మధ్య దిగుడు బాగా నిలువుగా ఉంది. వాగు అడ్డం వచ్చినచోట వాడు బండలు పేర్చి చక్రం పట్టేంత సందు చేశాడు. "ఓరి నీ తెలివి తగలెయ్య" అని గట్టిగానే తిట్టాను. వాడు కనబడగానే వీపు మీద ఒకటి చరచాలనుకున్నాను.

మధ్యాహ్నానికి సొరంగం కింది క్యాంపు చేరాను. గుంపంతా కలిసి ఉండే పొడుగాటి తడికల పాక అది. మనిషి అలికిడి లేదు. పొయ్యిలో చల్లారిన బూడిద. పాక వాకిలికి అడ్డంగా ముళ్లకంప కొట్టి ఉంది.

కంప చూడగానే సైకిల్‌ను అక్కడే ఆపేశాను. మాలో ఎవరైనా చెడ్డ నక్షత్రంలో పోతే ఆ ఇల్లు పాడుపెడతారు. అంటే ఇంటికి కంప కొట్టి, కొన్ని నెలలు ఎవరూ అడుగుపెట్టరు. లోపలిది ఏదీ బయటికి తేరు. తెస్తే తెచ్చినవాళ్లింట్లో మరో చావు తప్పదంటారు. నేను బొంబాయిలో పుట్టినా ఆ భయం నాలోనూ ఉంది. కంప దగ్గరికి పోలేదు. లోపలికి తొంగి కూడా చూడలేదు.

కట్టెలమోపుతో ఒక ముసలమ్మ వచ్చింది, ఆ కొండల్లో ఉండే ఠాకర్ గిరిజనుల మనిషి. "మీవాళ్లంతా గట్టు దాటి పై క్యాంపుకు పోయారు బాబూ" అంది మరాఠీలో. చనిపోయింది ఎవరని అడిగాను. "నాకేం తెలుసు? చీకట్లో ఏడుపులు విన్నాం" అంది. యాభైమంది ఉన్న గుంపు, ఎవరో ముసలివాడు పోయి ఉంటాడనుకున్నాను. అట్లా అనుకుంటూ గట్టెక్కాను. ఆ ఎక్కుడంతా ఎవరో ఒక ముసలివాడు చావాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఇంకేం దాచను?

గట్టు మీద మబ్బు నేల మీదే పాకుతోంది. పది గజాల అవతల చెట్టు కనబడదు. దిగి నెట్టక తప్పదు, బండ మీద పాచి ఉంది. వాడు పై క్యాంపుకు కూడా సామాను మోసేవాడేమో, అక్కడ కూడా గీత ఉంది, పీలికలు ఉన్నాయి. కాని గీత మీద గడ్డి మొలకలు వచ్చాయి. వాటిని చూడనట్టు నెట్టుకుపోయాను.

పొద్దు వాలుతుండగా పై క్యాంపులో వంటపొగ కనబడింది. మొదట నన్ను చూసింది వంట చేసే పెంటమ్మ. నా ముఖం కాదు, వెనకున్న పలక, దిండు, గొంగడి చూసింది. గరిటె వదిలేసి "అయ్యో కొడకా, గద్దె కట్టుకొచ్చినవా!" అని నెత్తి కొట్టుకుంది. గుంపు పెద్ద బాలప్ప మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"జరమని చెప్పి పంపితి గదనే పోచన్నా," అన్నాడు. "పాణం పోయిందని మొకం మీద ఎవరన్న చెప్తరా? జరం బాగున్నది, జల్ది రమ్మంటె మనోళ్లకు సమజ్ గాదా?"

నాకు అర్థం కాలేదు. పాలమూరులో ఆ మాట వినగానే ఇంటిల్లిపాది ఏడుస్తారట. నేను గడ్డి అడుక్కుని దిండు చేశాను.

బాలప్పే మిగతాదంతా చెప్పాడు. "క్యాంపుల అందరికి జరాలు. వానల గీ అడివి దాటి గోలీలు తెచ్చినోడు వాడొక్కడే. అందరం లేచినం. ఆఖర్ల వాడు పడ్డడు. సైకిల్ ఉన్నది, తొక్కెటోడు లేడు. గోలీల కోసం ఇద్దరు నడిచి పోయిన్రు. ఆల్లు తిరిగొచ్చేసరికి..." అని నెత్తి మీది తువ్వాల తీశాడు. "మన్ను చేసినం అన్నా. చెడ్డ చుక్కల పోయిండు, పాక ఇడిసినం."

నేను తొక్కేవాణ్ణి. ఆ దారి మొత్తం ఆరోజే తొక్కి వచ్చాను కదా! వాడు పడి ఉన్నప్పుడు నేను ఎక్కడో కామాటిపురలో కూర్చుని ఎవరివో పంక్చర్లు వేస్తున్నాను. ఈ లోకంలో న్యాయం ఉందని ఎవరైనా అంటే వాళ్ల నోట్లో మట్టి కొట్టాలనిపించింది. పెంటమ్మ పెట్టిన జొన్నగట్కను కుక్కకు వేశాను. పడుకోవడానికి పాకలో చోటిచ్చారు. నిద్ర సంగతి రాయను.

పొద్దున బాలప్ప నాతో గట్టు దిగొచ్చి, కింది వాగొడ్డున మట్టికుప్ప చూపించాడు. తలవైపు ఎర్ర పీలిక కట్టిన పుల్ల గుచ్చారు. "వాని బండి?" అని అడిగాను. "పాకలనే ఉన్నది. తేవద్దు అన్నా, ఇంట్ల అవ్వ ఉన్నది, పెండ్లాం పిల్లలున్నరు. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

తిరుగు దారిలో కింది పాక దగ్గర ఆగాను. ఈసారి కంప సందులోంచి చూశాను. సైకిల్ గుంజకు ఆనించి ఉంది. ముందు టైరులో గాలి లేదు. నా సంచిలో పంపు ఉంది. కంప లాగడానికి చేయి పెట్టాను కూడా. ముల్లు గుచ్చుకుంది, రక్తం వచ్చింది. ఇంట్లో పడుకుని ఉండే నా బిడ్డ కళ్లముందు మెదిలింది. చేయి వెనక్కి తీసుకున్నాను. తమ్ముడి బండికి గాలి కూడా కొట్టలేని పిరికివాణ్ణని ఏడ్చుకుంటూ బాట పట్టాను.

కసారా నుంచి లోకల్‌లో కూరగాయలమ్మే ఆమె ఎక్కింది. పలక ఖాళీగానే ఉంది కదా అని మెంతికూర గంప దాని మీద పెట్టింది. "నడుస్తుందా దాదా?" అంది. నడుస్తుందన్నాను. బైకుల్లా వరకు ఆ గంపను పట్టుకుని నిల్చున్నాను.

ఈ దారిన పోయేవాళ్లకు చెప్పవలసినది ఇంకొక్కటే. గీత నమ్ముకోకండి, వచ్చే వానకు అది ఉండదు. పీలికలు మాత్రం ఒకటి రెండేళ్లు ఉంటాయేమో. అవి ఎటు చూపిస్తే అటు పోండి, దారి తప్పరు. ఆ కొండలు అందమైనవని అందరూ అంటారు. అయ్యుండవచ్చు.

మా గల్లీ మొదట్లోనే అవ్వ నిలబడి ఉంది. నా వెనక పలక చూసింది. గొంగడి మడత విప్పలేదు. నాకు అటూ ఇటూ చూసింది. తర్వాత ఒక్కసారిగా ఆమె ముఖం వెలిగిపోయింది.

"వాని బండి తేలేదంటే, వాడే తొక్కుకుంట వస్తున్నడన్నట్టు! నలత తగ్గిందారా?"

దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. సైకిల్‌కు స్టాండు వేశాను.

"జరం బాగున్నదవ్వా" అన్నాను.

మా అవ్వ పాలమూరులో పుట్టిన మనిషి. క్యారియర్ పట్టుకుని, అక్కడే రోడ్డు మీద కూలబడింది.