పక్క కౌంటరు మనిషి

అమలాపురంలో ఒక బట్టల షాపులో నేను పట్టుచీరల దగ్గర పనిచేస్తాను. పోయిన శ్రావణమాసం ముందు, పక్కనున్న ఫ్యాన్సీ చీరల కౌంటరులో ఒకావిడ కొత్తగా చేరింది. నాకంటే చిన్నది. రోజూ కొత్తపేట నుంచి బస్సులో వచ్చేది.

మా షాపులో ఎవరి కౌంటరు వాళ్ళదే. బేరాలకొచ్చినవాళ్ళు విప్పించి వదిలేసిన చీరలు ఎవరివి వాళ్ళే మడతపెట్టుకోవాలి. ఈవిడ మాత్రం తన పని అవగానే నా దగ్గర చేరి, అడక్కుండానే నా చీరలు మడతపెట్టేది. నేను భోజనానికి వెళ్తే నా కౌంటరు కూడా చూసేది. నాకు ఒళ్ళు మండేది. ఉత్తినే ఎవరైనా ఇంత చాకిరీ చేస్తారా? నా కోసం వచ్చే పెళ్ళివాళ్ళను తనవైపు తిప్పుకుంటుందేమో అనుకున్నాను. ఓసారి ఓనరు ఆవిణ్ణి గల్లాపెట్టె దగ్గరకు పిలిచి నవ్వుతూ మాట్లాడటం చూశాక, మా మాటలు మోయడానికే పెట్టారని ఖాయం చేసుకున్నాను.

తేల్చుకుందామని ఓ సాయంత్రం, ఇద్దరం చెరో అంచూ పట్టుకుని చీర మడుస్తుండగా అబద్ధం చెప్పాను.

"ఎవరితోనూ అనకు. వచ్చే నెల ఎదురు షాపులో చేరిపోతున్నాను."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఆయ్" అంది, అంతే.

మర్నాడంతా నా చూపు గల్లాపెట్టె మీదే. ఓనరు పిలిచి నిలదీస్తాడనుకున్నాను. పిలవలేదు. ఆ వారమంతా ఏమీ జరగలేదు. సమయం చూసి చెబుతుందిలే అనుకున్నాను.

తర్వాత ఓ రోజు నేను బస్టాండుకు నడుస్తుంటే వెనకాలే వచ్చింది.

"అక్కగారూ, ఎదురు షాపులో నా గురించి కూడా ఓ మాట చెప్పండి. మీతోపాటు వచ్చేస్తానండి."

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదండి. కువైట్‌లో ఓ ఇంట్లో చానాళ్ళు పనిచేసేనండి. జీతం బానే ఇచ్చేవోరు. కానీ అక్కడ నాతో తెలుగులో మాట్లాడే మనిషే లేడండి. ఇక్కడ మీ పక్కన కూర్చుంటే పొద్దే తెలీదండి. ఖాళీగా కూర్చుంటే ఓనరు గారు కేకలేత్తారు కదండీ, అందుకే మడతెడతా కూర్చుంటన్నానండి."

"మరి ఆయన నీతో ఏం మాట్లాడేడు?"

"ఆళ్ళ చుట్టాలావిడ కువైట్ వెళ్తన్నారంటండి. అక్కడెలా ఉంటాదని అడిగేరండి."

నిజమా కాదా అని ఆవిడ మొహంలోకి చూశాను. ఏమీ తెలియలేదు.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదులే, మానుకున్నాను" అన్నాను. "హమ్మయ్య" అని నవ్వుతూ బస్సెక్కింది.

ఇప్పుడు రెండు కౌంటర్ల చీరలూ ఇద్దరం కలిసే మడతపెడుతున్నాం. పొద్దున్నే షాపుకి బయల్దేరాలంటే మునుపున్నంత విసుగు లేదు. మా అత్తగారి సంగతులన్నీ ఆవిడకు చెబుతాను. ఓనరు మాటొస్తే మాత్రం నేను నోరు విప్పను.