సునీత ఇంటి తొమ్మిది నోళ్లు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కొత్తపేట వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా డెంటల్ అసిస్టెంట్ సర్జన్. ప్రభుత్వ దంతవైద్యుల్లో అది మొదటి మెట్టు. ఇరవై ఏళ్లుగా నేను దాని మీదే నిలబడి ఉన్నాను.

చేరిన నెలలోనే సునీత అనే ప్రైవేటు స్కూలు టీచరు వచ్చింది. ఇరవై నాలుగేళ్లకే ముందు పళ్లు కదులుతున్నాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతోందట. చిగుళ్ల లోతును మేము ప్రోబ్ అనే గీతల కడ్డీతో కొలుస్తాం. పంటికీ చిగురుకూ మధ్య అది మూడు మిల్లీమీటర్ల వరకు దిగితే ఫరవాలేదు. ఆమెకు ఏడు దిగింది. సరిగ్గా తోముకోవడం లేదని మందలించాను. తర్వాతి రెండుసార్లూ అదే పాట పాడాను. మూడోసారి ఆమెకు కోపం వచ్చింది.

“పూటకోసారి తోముకుంటున్నానండీ. మా పెదనాన్నగారు చుట్ట కాలుస్తారు, బ్రష్షు ముట్టుకోరు. పళ్లతో కొబ్బరి పీచు లాగుతారండి. ముందు ఆయన్ని తిట్టండి,” అంది.

తీసుకురమ్మన్నాను. ఆయనొక్కడే వస్తాడనుకుంటే, శనివారం రెండు ఆటోల్లో తొమ్మిది మంది దిగారు.

ఆ పెదనాన్న పేరు యోహాను. మలికిపురంలో కొబ్బరికాయలు వలుస్తాడు. పళ్ల మీద గార ఇటుక రంగులో పేరుకుంది కానీ ఒక్క పన్నూ కదల్లేదు. నేను అంకెలు చెబుతుంటే నర్సు చార్టులో రాసుకుంటోంది. “రెండు, మూడు, రెండు” అన్నప్పుడల్లా ఆయన, నోట్లో కడ్డీ ఉండగానే, బంధువుల వైపు చూసి కనుబొమలెగరేశాడు.

సునీత తల్లి, తల్లి చెల్లెలైన పిన్ని, మేనమామ ముగ్గురివీ కట్టుడు పళ్లే. అసలు పళ్లు ముప్పయ్యేళ్లు దాటకుండానే ఊడిపోయాయి. ముగ్గురూ సెట్లు తీసి నేనిచ్చిన ఒకే పళ్లెంలో పెట్టారు. తప్పు నాదే. తిరిగి పెట్టుకునేటప్పుడు అవి తారుమారయ్యాయి.

“నోరు మూతపడట్లేదేంటండీ?” అని తల్లి కంగారుపడింది.

“మా అక్కకది మామూలేనండీ,” అన్నాడు మేనమామ బోసినోటితో.

నర్సు చార్టు వదిలేసి కుర్చీలో కూలబడింది. నవ్వు ఆపుకోలేక నేను గోడవైపు తిరిగాను. ఓపీ వరుసంతా లోపలికి తొంగిచూసింది.

అందరికంటే ఎక్కువ నవ్వింది సునీత చెల్లెలు ప్రశాంతి, పదిహేనేళ్ల పిల్ల. అంత బాగా తెరిచిన నోటిని వదలబుద్ధి కాక కడ్డీ పెట్టాను. దవడ పళ్ల దగ్గర ఆరు దిగింది. నొప్పి లేదు, కదలిక లేదు, పళ్లు శుభ్రంగా ఉన్నాయి. నవ్వులు ఆగిపోయాయి. ఎక్స్‌రే తీయిస్తే, పళ్లను పట్టి ఉంచే ఎముక తగ్గడం అప్పటికే మొదలైంది.

అప్పుడు చార్టులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. జబ్బు తల్లి వైపు నుంచి వస్తోంది. పళ్ల మీద సూక్ష్మజీవులు అందరికీ ఉంటాయి. శరీరం వాటిని ఎలా ఎదుర్కొంటుందన్నది కొంతవరకు పుట్టుకతో వచ్చే జన్యువుల తేడాలను బట్టి ఉంటుంది. కొందరిలో ఆ పోరులో సొంత ఎముకే కరిగిపోతుంది. అది ఏ జన్యువో తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. అనవసరంగా తిట్టానని సునీతతో ఒప్పుకున్నాను.

“ఆయ్, పర్లేదండీ. ముందు చెల్లిది చూడండి,” అంది.

ఇద్దరికీ చిగుళ్ల లోపలి దాకా శుభ్రం చేసి, మందులిచ్చి, మూడు నెలలకోసారి రమ్మన్నాను. సునీతకు రెండు పళ్లు పోయాయి, మిగతావి నిలిచాయి. నేను రిటైరయ్యే నాటికి ప్రశాంతివి అన్నీ ఉన్నాయి. యోహానును చుట్ట మానమంటే ఆలోచిస్తానన్నాడు, మానలేదు.

ఆ శనివారం తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఓపీ చీటీ మీద ‘రోజుకు ఎన్నిసార్లు తోముతారు’ అనే దానికంటే ముందు ‘ఇంట్లో ఎవరి పళ్లు ఏ వయసులో ఊడాయి’ అని రాసుకునేవాణ్ణి. చిన్న వయసులోనే ఊడాయని చెబితే, నొప్పి లేకపోయినా తోడబుట్టినవాళ్లను పిలిపించి చూడాలి.