ఎకరానికి తగ్గింది, బోరుకు తగ్గలేదు

మా పాలిటెక్నిక్ మేడమ్ పోయారన్న వార్త వచ్చేసరికి నేను నరసరావుపేటలో నా షాపులో ఒక కాలిపోయిన మోటారు విప్పుతున్నాను. ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "తెల్లారుజామున పోయిందయ్యా అక్కయ్య. గుండె. ఆస్పత్రిదాకా కూడా ఆగలేదు" అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ వారంలోనే బొల్లాపల్లి మండలంలో ఒక ఊరి మంచినీళ్ళ బోరు కొలవాల్సి ఉంది. ఏడాదంతా మేమిద్దరం ఆ కొలత కోసమే భయం భయంగా ఎదురుచూశాం. తీరా ఆ రోజు వచ్చేసరికి ఆవిడ లేకుండా పోయారు. ఆవిడ గురించి మీకు చెప్పాలంటే ఆ బోరు గురించే చెప్పాలి.

మేడమ్ మాకు ఎలక్ట్రికల్ చెప్పేవారు. డిప్లొమా అయ్యాక నేను మా నాన్న వైండింగ్ షాపులోనే కూర్చున్నాను. ఆవిడ రిటైరయ్యాక మా షాపు మీదుగా వెళ్తూ ఆగేవారు. స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ, నేను చుట్టే కాయిల్ వంక చూసేవారు. ఏమీ అనకపోతే పని బాగున్నట్టు. "ఏంది ఆ తొందర?" అంటే మళ్ళీ మొదటినుంచి చుట్టుకోవాల్సిందే.

అలాంటి రోజుల్లోనే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్‌తో నడిచే మోటారు స్టార్టర్లు తెచ్చారు. చేలో ఒక పుల్ల గుచ్చితే అది నేల తడి చూస్తుంది. తడి ఉంటే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, రైతు ఇంట్లో కూర్చునే మోటారు ఆపేస్తాడు. ఆ బోరున్న ఊళ్ళో మిరప రైతులకు ఈ డబ్బాలు బిగించే పని నాకు దొరికింది. వీటివల్ల నీళ్ళు, కరెంటు, పెట్రోలు ఎంత మిగిలాయో ఎవరైనా చదువుకున్నవాళ్ళు కొలిచి చెప్పాలట. అప్పుడే కంపెనీకి పర్యావరణం పేరు మీద వచ్చే డబ్బు వస్తుంది. నేను మేడమ్ పేరు చెప్పాను. శాలువా కప్పి సంతకం తీసుకుని వెళ్ళొచ్చనుకున్నాడు ఆ కంపెనీ మేనేజరు. పాపం, ఆయనకు మా మేడమ్ సంగతి తెలియదు.

మొదట పెట్రోలు దగ్గర పడింది ముడి. మోటారు వేయడానికి రైతు బండెక్కి చేనుకు వెళ్ళే పని తప్పింది కాబట్టి ఆ పెట్రోలంతా మిగిలినట్టేనని కంపెనీ లెక్క. మేడమ్ పొద్దున్నే ఆర్టీసీ బస్సు దిగి ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. ఒక్కొక్కరే బండ్లేసుకుని చేలకు పోతున్నారు.

"ఏందయ్యా, మోటారు ఫోన్లోనే వేశావుగా. మళ్ళీ ఎక్కడికి?" అని ఒకాయన్ని ఆపారు.

"చేను మొహం చూడకపోతే టీ కూడా దిగదు మేడమ్" అన్నాడాయన.

మేడమ్ నా వైపు తిరిగారు. "పెట్రోలు లెక్కలోంచి కొట్టెయ్. డబ్బా లేకపోయినా వెళ్ళేవాడే, ఉన్నా వెళ్తున్నాడు. మిగిలిందేముంది?" ఆ తర్వాత కంపెనీ కారు ఎన్నిసార్లు ఊరికి వచ్చిందో కనుక్కుని, అందులో పోసిన డీజిలు కూడా లెక్కలోకి ఎక్కించమన్నారు. మేనేజరు అది జోకనుకుని నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

"ఇది లేకపోతే ఏమయ్యేది? ముందు అది చెప్పు." ఆవిడ దగ్గర ఏ మాట ఎత్తినా ఈ ప్రశ్న ఎదురొచ్చేది. ఇంకొకటి: "మిగిలింది, మిగిలింది అంటారు. ఎక్కడ మిగిలిందో చూపించండి, నేనూ చూస్తా." వినడానికి చాదస్తంగా ఉంటుంది. నేనూ చాలాసార్లు విసుక్కున్నాను. ఎండలో ఆవిడ వెనక నడిచినవాడెవడైనా విసుక్కుంటాడు.

నీళ్ళ సంగతి తేలింది అలా నడుస్తున్నప్పుడే. ఎకరానికి పారే నీళ్ళు నిజంగానే తగ్గాయి, సందేహం లేదు. కానీ మేడమ్ చేలో గుచ్చిన పుల్ల దగ్గర ఆగలేదు. కొంగు నడుముకి దోపుకుని మోటారు దగ్గర్నుంచి పైపు వెంబడి బయలుదేరారు. పైపు ఆ ఊరి రైతు కోటమ్మక్క మిరప చేను దాటింది, గట్టు దాటింది, పక్కనున్న ఇంకో చేలోకి దిగింది. అది ఆ ఏడే కౌలుకు తీసుకున్నది. అక్కడా మిరపే. ఫోన్‌కి 'నేల తడిగా ఉంది' అని మెసేజ్ వస్తే కోటమ్మక్క మోటారు ఆపడం లేదు. వాల్వు తిప్పి నీళ్ళు కౌలు చేనుకు పెడుతోంది. ఆమే కాదు, సగం ఊరు అదే పని చేస్తోంది. దాంట్లో దొంగతనమేమీ లేదు. నీళ్ళు మిగిలాయని చెప్పింది ఫోనే కదా, మిగిలినవి వాడుకుంటే తప్పేంటి అని వాళ్ళ ఉద్దేశం. మిరప రైతు ఎవరైనా అదే చేస్తాడు.

మేడమ్ ఆ గట్టు మీదే కూర్చుండిపోయారు. "ఎకరానికి తగ్గింది. బోరుకు తగ్గలేదురా" అన్నారు. చేల బోర్లన్నీ తోడేది మంచినీళ్ళ బోరుకు ఊరే నీళ్ళనే. ఆ ఎండాకాలం మంచినీళ్ళ బోరు ఎండిపోయి ఊరంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకు నిలబడింది. డబ్బాలు బిగించాక కూడా అదే గతి. ఇంకా కౌలు మిరప పెరిగితే వచ్చే ఎండాకాలం ఎలా ఉంటుందో ఊహించడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

వానలు మొదలై నారు సిద్ధమవుతున్నప్పుడు కంపెనీ వాళ్ళు బడి వరండాలో మీటింగు పెట్టారు. 

"ఒక్క లైను చాలు మేడమ్" అన్నాడు మేనేజరు. "స్టార్టర్ల వల్ల నీటి వాడకం తగ్గింది. కింద మీ సంతకం."

"ఎకరానికి తగ్గింది. రాస్తా. బోరుకు తగ్గలేదు. అదీ రాస్తా."

"రెండోది రాస్తే డబ్బు రాదు మేడమ్. ఈ డబ్బాలన్నీ ఊడదీసుకుపోవాల్సి వస్తుంది."

ఆ మాటతో వరండా అంతా గోల. కోటమ్మక్క లేచి నిలబడింది. "అమ్మా, చదువుకున్నదానివి, నీకు దణ్ణం. మా ఆయనకి తడి చేలో స్టార్టరు ముట్టుకుంటే షాక్ కొట్టి చెయ్యి పడిపోయింది. ఈ ఫోను వచ్చాక మాకు ఆ భయం పోయింది. నీ సంతకం కోసం మళ్ళీ మమ్మల్ని ఆ పెట్టె ముట్టుకోమంటావా? మా పొట్ట కొట్టి నువ్వేం బావుకుంటావ్?"

మేడమ్ ఆమె వైపు తిరిగారు. "ముట్టుకోవద్దమ్మా. నీకు భయం పోయింది, అది నిజం. అది అన్నిటికంటే పైన రాస్తా. నీళ్ళు మిగిలాయని మాత్రం ఎట్టా రాయను? ఎండాకాలం బిందె పట్టుకుని నిలబడేది ఎవరు, ఈయనా నేనా? నువ్వే గదా."

"అప్పటి సంగతి అప్పుడు చూసుకుంటాంలే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కుర్చీలు జరిగాయి. ఒకాయన నా చొక్కా పట్టుకుని, "ఈవిడను తెచ్చింది నువ్వేగా" అన్నాడు. నాకు ఆ క్షణంలో మేడమ్ మీద ఒళ్ళు మండిపోయింది. ఒక్క సంతకం పెడితే ఏం పోయింది?

ఆవిడ మాత్రం మేనేజరు ముందున్న డబ్బా చేతిలోకి తీసుకున్నారు. ఉన్నట్టుండి నన్ను అడిగారు: "ఒరేయ్ మస్తానూ, ఇది బోరు ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టగలదా?"

"పెడుతుంది మేడమ్."

"రోజుకు ఇన్ని గంటలేనని పెడితే అంతటితో ఆపగలదా? ఎవరు వాల్వు ఎటు తిప్పినా?"

"ఆపుతుంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"అయితే హద్దు చేను మీద కాదు, బోరు మీద పెట్టండి. మీరు ఒప్పుకుంటేనే. ఫోను నీళ్ళు మిగల్చదయ్యా, మీరు మిగిల్చితే లెక్క చెప్పుద్ది. అంతే."

హద్దు పెడితే కౌలు చేలల్లో మిరపకు నీళ్ళు చాలవు. కంది లాంటి మెట్ట పంటే గతి. పొద్దు వాలేదాకా తిట్టుకున్నారు. చివరికి మంచినీళ్ళు మోసే ఆడవాళ్ళే హద్దు వైపు మొగ్గారు. ఒప్పుకున్నవాళ్ళందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని నేను చెప్పను. కోటమ్మక్క మేడమ్ వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మేనేజరు డబ్బిచ్చేవాళ్ళకు రెండు లైన్లూ పంపాడు. ఒక్క ఏడాది చూస్తామని కబురొచ్చింది. ఎండాకాలం మంచినీళ్ళ బోరు నిలిస్తే డబ్బాలుంటాయి, ఎండితే ఊడదీస్తారు.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు. "నాదే తప్పయితే ఏందిరా? కింద నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరు చూశారు? వీళ్ళు మిరప మానుకున్నాక కూడా బోరు ఎండితే నేను ఏ మొహం పెట్టుకుని ఈ ఊరు రావాలి?" అన్నారు. క్లాసులో మాకెప్పుడూ కనపడని మనిషి. నాకు ఆవిడ మీద అంతకు ముందున్న భయం ఆ రోజుతో పోయి, ప్రేమ మిగిలింది. అప్పటినుంచి ఎప్పుడు ఫోన్ చేసినా పలకరింపు లేదు, పాడు లేదు. "బోరు ఎట్టా ఉంది?" అదే మొదటి మాట.

ఆవిడ పోయిన నాలుగో రోజుకో ఐదో రోజుకో నేనొక్కణ్ణే ఆ ఊరు వెళ్ళాను. బోరు దగ్గర కోటమ్మక్క కూర్చుని ఉంది. "పోయిందంటగా" అంది. తలూపాను.  ఆమె లేచి నా దగ్గరున్న టేపు రీలు తన చేతిలోకి తీసుకుంది. ఈ టేపు కొసన చిన్న కడ్డీ ఉంటుంది, అది నీళ్ళకు తగలగానే రీలు కూత వేస్తుంది. బోరు మూతకున్న కంతలోంచి టేపు వదులుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. రీలు కుయ్‌మంది.

నీళ్ళున్నాయి. పోయిన ఎండాకాలం ఎండిపోయిన బోరులో ఈసారి నీళ్ళున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.  మేనేజరుకి చెబుదామని ఫోన్ తీశాను.

"ఆగు" అంది కోటమ్మక్క. "ఈ ఏడు వానలు బాగా పడ్డయ్యిగా. ఇది వాన వల్లో మన వల్లో నీకెట్టా తెలుసు? ఆ ఊళ్ళో చూడకుండానే చెప్తావా?"

ఆ ఊరంటే పక్క ఊరు. అదే నేల, అవే వానలు, అక్కడా మిరపే. డబ్బాలు లేవు, హద్దు లేదు. చలికాలంలో మేడమ్ అక్కడి బోరు కూడా కొలిచారట, టేపు పట్టుకోవడానికి కోటమ్మక్కనే వెంటబెట్టుకుపోయారట. తిట్టిన మనిషినే తోడు రమ్మన్నారన్నమాట. నాకు చెప్పలేదు. కోటమ్మక్క ఎందుకు వెళ్ళిందో కూడా నేను అడగలేదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమెను బండి మీద ఎక్కించుకుని వెళ్ళాను. అక్కడి బోరు చుట్టూ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి ట్యాంకరు వాళ్ళేమో అనుకుని లేచి, కాదని తెలిసి మళ్ళీ కూర్చున్నారు.

టేపు వదిలాను. కోటమ్మక్క ఊరి బోరులో కూత వేసిన లోతు దాటింది. కూత లేదు. "ఇంకా వదులు" అంది కోటమ్మక్క. వదిలాను. మేడమ్ లెక్క నిజమేనని తేలిపోతోంది. సంతోషించాల్సింది. ఆ ఎండలో ఆ బిందెల మధ్య నిలబడి ఎలా సంతోషిస్తారు?

"మీ ఊరికి ఎవరో మేడమ్ వచ్చిందంటగా" అంది ఒక ముసలామె. "మాకూ ఒకసారి రమ్మనవయ్యా."

 రీలు మీద టేపు అయిపోయింది, కూత మాత్రం రాలేదు. కోటమ్మక్క దాని చివర పిడికిట్లో బిగించి పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి బోరుకు ఆనించి ఇంకా వింటూనే ఉంది.