కోస్గి దర్జీ దస్తగిరి మాట

కోస్గి బస్టాండు వెనక దస్తగిరికి దర్జీ దుకాణం ఉంది. ఆయన కుట్టు గట్టిది, గడువే మహా మెత్తనిది. గుడ్డ చేతికి రాగానే కొలతలు తీసుకుని, మనం మెట్లు దిగేలోపే కోసేస్తాడు. కోసిన గుడ్డను ఇంకో దర్జీ ముట్టుకోడు కదా. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "కత్తెర పడ్డది, ఫికర్ చెయ్యకు." నా ప్యాంటు చేతికి వచ్చేలోపు నా నడుము రెండంగుళాలు పెరిగింది.

నిరుడు మా పక్క వీధి గుర్వమ్మ బిడ్డ సుచరిత జాకెట్ల కోసం ఐదోసారి వెళ్లినప్పుడు, ఆ జవాబును ఫోనులో పట్టి ఇన్‌స్టాలో పెట్టింది. మొదట కాలేజీ పిల్లలు అందుకున్నారు. "పరీక్షకు చదివినవా?" అంటే "కత్తెర పడ్డది." తర్వాత చౌటుప్పల్‌లో ప్లాట్లు కొన్నవాళ్లు, రావలసిన రోడ్డు ఫొటో పెట్టి కింద అదే రాశారు. ఆలేరు స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్లూ అంతే. నెల తిరిగేసరికి, కత్తెర పడ్డదంటే ఇక ఆ పని కానట్టే అనే అర్థం స్థిరపడిపోయింది. దుబాయిలో ఒక ఒంటె కూడా ఆ మాట అన్నదట. నేను నమ్మలేదు. ఒంటెలకు తెలుగు అంత బాగా రాదు.

దస్తగిరి మొదట మురిసిపోయాడు. అయితే "భాయ్, ఒక్కసారి అనరాదు" అని ఫోన్లు పట్టుకొచ్చేవాళ్లే గాని, గుడ్డ తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. రెండో మిషను మీద దుప్పటి కప్పాడు.

అప్పుడే సుచరిత పెళ్లి కుదిరింది. గుర్వమ్మ జాకెట్ గుడ్డలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గురువారం పెండ్లి అన్నా. బుధవారానికి ఇయ్యకుంటే రెడీమేడ్ కొంట. ఇగ మా వాడకట్టోళ్లు ఎవ్వరు నీ దుకాణం ఎక్కరు."

"కత్తె..." అనబోయి దస్తగిరి నాలుక కరుచుకున్నాడు. "ఇస్త," అన్నాడు.

భార్య షరీఫున్నీసా లోపలినుంచి విన్నది. "ముప్పై ఏండ్ల సంది నాకే ఒక్క జాకెట్ కుట్టియ్యలే. గా పిల్లకైన కుట్టు," అంటూ హుక్కులు కుట్టడానికి తానూ కూర్చుంది.

సోమవారానికే పని అయిపోయింది. దస్తగిరి ఫోన్ చేశాడు. "అక్కా, కుట్టుడైంది."

"మంచిగ నవ్విపిస్తున్నవ్ అన్నా. నాకు మస్తు పనులున్నయ్," అని గుర్వమ్మ పెట్టేసింది. రెండోసారి ఎత్తనే లేదు.

చివరికి తానే మూట చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. తలుపు తీసిన గుర్వమ్మ మూటను చూసి, గోడ మీది క్యాలెండరును చూసింది. సుచరిత ఒక జాకెట్ తొడుక్కుని వచ్చింది. భుజం దగ్గర కాస్త వదులు. దస్తగిరి అరుగు మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, అక్కడికక్కడే సరిచేశాడు. అది చూసి గుర్వమ్మ ఆడపడుచు జంగమ్మ లోపలికి వెళ్లి, తన రెండు గుడ్డలు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

సుచరిత ఇదంతా ఫోనులో తీసి మళ్లీ ఇన్‌స్టాలో పెట్టింది. ఇప్పటికి తొమ్మిదిసార్లు చూశారట. అందులో నాలుగు నావే.