పట్టుకోకల్లో మంగమ్మ జట్టు

పైవాటాలో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు మెట్ల మీదుగా మా ఇంట్లోకి దిగేసరికి మనవరాళ్ళిద్దరూ దగ్గుతూ బయటికి పరుగెత్తారు. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ బార్లా తెరిచింది. నేను మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "మీకు దగ్గు రాదా అత్తయ్యా?" అని అడిగితే నవ్వొచ్చింది. ఆ ఘాటులో కూర్చునే నా వయసులో సగం గడిపాను. అది ముక్కుకు తగిలితే నాకు వచ్చేది దగ్గు కాదు, మంగమ్మక్క జ్ఞాపకం.

యాభైల నాటి మాట. నెల్లూరు వైపు నుంచి మద్రాసులోని రాయపురానికి కాపురానికొచ్చాను. మా ఆయన హార్బరులో కూలీ. పక్కగదిలో ఉండే మంగమ్మక్క నన్ను తనతోపాటు మిరపకాయల మండీకి తీసుకుపోయింది. బస్తాల్లో వచ్చిన కాయలకు తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం మా పని. ఆడవాళ్ళ జట్టుకు ఆమే మేస్త్రి. మనిషి పొట్టి, గొంతు మాత్రం బజారంతా వినిపించేది. మొదటి రోజు కళ్ళు మండిపోయి నేను వలవలా ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "కంట్లో చెయ్యి పెట్టబాకమ్మే! నీళ్ళు కారనీ, తుడవబాక. అదే కడుక్కోని పోతాది." సాయంత్రం అయితే మా అందరిచేతా మొహాలు కడిగించి, తలలు దువ్వించి, మంచి కోకలు కట్టించిగాని వీధిలో అడుగు పెట్టనిచ్చేది కాదు. "లోపల ఎట్లయినా ఉండండి. వీధిలో మాత్రం మనుసుల మాదిరి నడవాల" అనేది. ఆ అలంకారాలకే ఆలస్యమవుతోందని నేను గొణిగేదాన్ని.

ఒకరోజు చదువుకున్న తెలుగు కుర్రాడొకడు కెమెరా పట్టుకుని మండీకి వచ్చాడు. పట్నంలో చిన్న సినిమాల ఉత్సవం జరగబోతోందనీ, నటులు లేకుండా నిజమైన మనుషుల మీద తీసిన సినిమాలూ, పిల్లాపెద్దా కలిసి చూసే, గీసిన బొమ్మలు కదిలే సినిమాలూ అందులో వేస్తారనీ, దానికోసం మా పని మీద సినిమా తీస్తాననీ చెప్పాడు. మండీ యజమాని శెట్టిగారు పొంగిపోయి సరేనన్నారు.

మర్నాడు పొద్దున ఆ కుర్రాడు వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మేమంతా పెళ్ళినాటి పట్టుకోకల్లో, తలనిండా మల్లెపూలతో మిరపకాయల రాశుల ముందు కూర్చుని ఉన్నాము. మేరీ అయితే చర్చికి కట్టుకునే తెల్లకోక కట్టి, మొహానికి పౌడరు అద్దుకొచ్చింది.

"ఇదేమిటి మంగమ్మగారూ! రోజూ పనిలో ఎలా ఉంటారో అలాగే ఉండాలి. ఆ పాత చీరల్లోనే తీయాలి" అన్నాడు.

"తంబీ, నాకు పెండ్లినాడు గూడా ఫోటో తీయలా. మేం పోయినాక మా బిడ్డలకు మిగిలే బొమ్మ ఇదొక్కటే. దాంట్లో అడుక్కునేవాళ్ళ మాదిరి ఉండమంటావా? అట్లయితే తీయబాక."

శెట్టిగారికి కోపం ముంచుకొచ్చింది. "ఆయన చెప్పినట్టు చేస్తే చెయ్యండి, లేదంటే రేపట్నించి జట్టంతా ఈడికి రాబాకండి" అని అరిచారు. మేము పాత కోకలు కట్టుకొద్దామని లేవబోయాము. మంగమ్మక్క మాత్రం ఒక బస్తా మీద స్థిమితంగా కూర్చుంది. "రాబాకంటే రాము సామీ. బొమ్మ మాత్రం నా ఇష్టం" అంది. కూలి పోతుందని తెలిసీ ఆ మనిషి లేచి నిలబడలేదు.

చివరికి ఆ కుర్రాడే దిగొచ్చాడు. పని చేసేటప్పుడు పాత కోకలు, ఆఖర్న అందరూ పట్టుకోకల్లో ఒక్కసారి కెమెరా ముందు నిలబడటం. ఆ ఒప్పందం మీద సినిమా తీశాడు. ఆఖర్న మేము వరసగా ఊపిరి బిగబట్టి కొయ్యల్లా నిలుచున్నాము. "కదలండమ్మా, నవ్వండి, మాట్లాడుకోండి!" అని ఎంత మొత్తుకున్నా వింటేనా! "కదిలితే మొహం చెరిగిపోతాది తంబీ, మాకు తెలవదా?" అంది మంగమ్మక్క, పెదవులు కదపకుండా.

ఉత్సవానికి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళాము. ముందు బొమ్మల సినిమా వేశారు. ఒక బాతుపిల్ల మబ్బుతునకను గొడుగనుకుని దాని వెంట పరుగులు పెడుతుంటే పిల్లలతోపాటు మేమూ విరగబడి నవ్వాము. తర్వాత మా మండీ వచ్చింది. రంగులు లేని సినిమా కదా, మిరపకాయలన్నీ నల్లగా కనిపించాయి. "అయ్యయ్యో, ఇదేందే! చెడిపోయిన సరుకు మాదిరి ఉండాది. శెట్టి చూస్తే ప్రాణం విడుస్తాడు!" అని మేరీ గగ్గోలు పెట్టింది. తెర వెనక గొంతు ఇంగ్లీషులో ఏదో చెబుతూ పోయింది. ఏమంటున్నాడని మంగమ్మక్క పక్కనున్న పెద్దమనిషిని అడిగింది. "పట్నంలో ఇలాంటి పేరు తెలియని పేద కూలీలు ఎందరో ఉన్నారంటున్నాడమ్మా" అన్నాడాయన.

అంతలో పట్టుకోకల వరస వచ్చింది. ఇంగ్లీషు ఆగిపోయింది. "బొమ్మలేమో పరిగెత్తె, మనుసులమేమో బొమ్మల మాదిరి నిలబడితిమి" అని రత్తమ్మ గొణిగింది. తెర మీద మా వాలకం చూసి హాల్లో అక్కడక్కడా నవ్వులు వినిపించాయి. మంగమ్మక్క చటుక్కున లేచి నిలబడింది.

"పేరు తెలవకపోతే నేను చెప్తా వినండి! ఆ కొసన ఉండేది రత్తమ్మ. మొగుడు వదిలి పోయినా నలుగురు బిడ్డల్ని సాకింది. దాని పక్కన మేరీ. చర్చిలో పాట ఎత్తుకునేది అదే. ఇది మా సుబ్బులు, నెల్లూరు పిల్ల, ఎనిమిది దాకా సదివింది..."

ఆ సుబ్బులు నేనే. నవ్వులు ఆగిపోయాయి. తెర మీద మేమలా కదలకుండా నిలబడటమే మేలయింది. ఒక్కో మొహాన్నీ చూపిస్తూ ఒక్కో పేరు చెప్పే వ్యవధి ఆమెకు దొరికింది. వరస మధ్యలో ఉన్న తన మొహం దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత గొంతున్న మనిషి అలా ఆగిపోవడం నేనెన్నడూ చూడలేదు. ఏమనుకున్నానో ఏమో, నేనూ లేచి నిలబడి అరిచాను. "అది మంగమ్మ! మా మేస్త్రి మంగమ్మ!" ఆ మాటతో జట్టంతా లేచింది. హాలంతా చప్పట్లు.

"అంత గట్టిగా అరవాల్నా ఏమ్మే?" అని కళ్ళు తుడుచుకుంటూ నా భుజం గిల్లింది.

మంగమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆ సినిమా ఏ పెట్టెలో మగ్గిపోయిందో తెలియదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీరేం చేసేవారండీ?" అని అడిగితే, పక్కవాళ్ళకు కూడా వినబడేలా చెబుతాను: "మిరపకాయల మండీలో పనిచేశానమ్మా. మంగమ్మ జట్టులో."