జరీనా ఆపా చుట్టిన తీగ

ఎనిమిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను. పెద్దదేం కాదు, మూడే మూడు మాటలు. కానీ నా గిటారును ఎవరైనా మెచ్చుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త బరువెక్కింది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పుకోవడం తేలిక.

వికారాబాదులో నేను ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తాను. అడిగినవాళ్ళ చేతి కొలత తీసుకుని, వాళ్ళు కోరిన చెక్కతో, ఒక్కొక్కటిగా. మా నాన్నది తలుపులూ కిటికీల పని. పదేళ్ళ వయసు నుంచి ఆయన పక్కనే చిత్రిక పట్టాను. ఒకసారి చర్చిలో వాయించే ఎలక్ట్రిక్ గిటారు కిందపడి, అంచు పగిలి మా దుకాణానికి వచ్చింది. అతికించమన్నారు. లోపల బోలుగా ఉంటుందనుకుంటూ విప్పాను. లేదు! నిండు చెక్క. మా తలుపు చెక్కలాంటిదే. అయితే ఇది నేనూ చేయగలను కదా! ఆ ఊహకే ఎంత సంబరమేసిందంటే, నాన్న అన్నానికి పిలిచినా వినపడలేదు.

పాత టేకు తలుపు ఒకటి కోసి, నాలుగు నెలల్లో గిటారు ఆకారం తెచ్చాను. లొంగనిది పికప్ ఒక్కటే. తంతుల కింద కూర్చునే చిన్న అయస్కాంతం అది. దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టాలి. తంతి కదలికను పట్టి స్పీకరుకు పంపేది అదే. నేను చుట్టినప్పుడల్లా తీగ తెగింది.

తాండూరులో కాలిన మోటార్లకు రాగితీగ మళ్ళీ చుట్టి వైండింగ్ చేసే జరీనా ఆపా గురించి నాన్నే చెప్పాడు. భర్త పోయాక దుకాణం ఆమే నడుపుతోంది. తీగ పట్టుకుని వెళ్ళాను. బండలు కోసే మిషన్ల మోటార్లు, నాపరాయి దుమ్ముతో తెల్లగా, వరసగా పెట్టి ఉన్నాయి. నా తీగను వెలుతురుకు పెట్టి చూసి నవ్వింది. "గిది తీగనా, వెంట్రుకనా బిడ్డా?" అయినా కూర్చుంది. రెండు వేళ్ళ మధ్య ఆనీ ఆననట్టు పట్టుకుని చుడుతుంటే ఒక్కసారి కూడా తెగలేదు. మధ్యలో ఎవరో వచ్చి తన మోటారు ఏదని కేకలేస్తే లెక్క తప్పింది. విప్పి మళ్ళీ చుడతానంది. బస్సుకు టైమైందని నేనే వద్దన్నాను.

మర్నాడు బిగించి, తంతి మీటాను. శబ్దం వెచ్చగా, నిండుగా లేచింది. చివర చిన్న గరుకు, బాగా నవ్విన మనిషి గొంతు సవరించుకున్నట్టు. నాన్న చేతిలో పని వదిలేసి వచ్చాడు. నేను ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ మీటాను.

వారానికి ఆపా ఫోను చేసింది.

"మోగిందా బిడ్డా?"

"మోగలే ఆపా. పడేసిన."

"అయ్యో, లెక్క తప్పిననాడే అనుకున్న. నీ తీగంత ఖరాబ్ చేసిన. గింత సన్న పనికి నా చెయ్యి రాదు. జర మాఫ్ చెయ్యి."

"ఏం ఫికర్ లేదు ఆపా. పోనీ."

ఆమె క్షమించమంది. నేను క్షమించాను. చూశారా?

ఎందుకలా అన్నాను? అప్పటికే అందరితో చెప్పుకున్నాను, చెక్క నుంచి తీగ దాకా అంతా నా చేతిపనే అని. ఆడపిల్ల చేసిన దానిలో ఒక్క ముక్క ఇంకొకరిదని తెలిస్తే, మొత్తం ఆ ఇంకొకరిదే అంటారని భయపడ్డాను. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆపా పేరు దాచడం ఒకటి, ఆమె చెయ్యి మంచిది కాదని ఆమెనే నమ్మించడం ఇంకొకటి. మొదటిది గర్వం. రెండోదాన్ని ఏమనాలి?

ఆ గిటారు అమ్మలేదు. దుకాణంలో గోడకుంది. దాన్నే వాయించి చూసి, ఇలాంటిది కావాలంటారు. ఆపా వేళ్ళు ఎలా పట్టుకున్నాయో గుర్తు తెచ్చుకుంటూ చుట్టడం నేర్చుకున్నాను. గోడమీది దాని పికప్ ఎవరు చుట్టారని అడిగితే మాత్రం, నేనే అనేదాన్ని. అయినా ఇవి సంతోషపు ఏళ్ళే, అదీ దాచను. కొడంగల్ టీచరమ్మ ఒకావిడ తన పొట్టి వేళ్ళకు సరిపోయే గిటారు చేయించుకుని, దుకాణంలోనే గంటసేపు వాయించింది. వీధివాళ్ళంతా గుమిగూడారు. అలాంటి రోజుల్లో నాకు ఆకలి కూడా వేసేది కాదు.

పోయిన నెల ఆ గిటారు పట్టుకుని తాండూరు వెళ్ళాను. చిన్న బ్యాటరీ స్పీకరు పెట్టి, మోటార్ల మధ్య నిలబడి వాయించాను. ఆపా మొహం విప్పారింది.

"గిది నువ్వు చుట్టిందే ఆపా. ఆనాడే మస్తు మోగింది. నేనే అబద్ధం చెప్పిన."

ఆమె నవ్వు సగంలో ఆగింది.

"సన్న తీగ పని ఎవరు తెచ్చినా నాతోని కాదని ఎన్కకు పంపిన బిడ్డా," అంది మెల్లగా.

తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు. కాలిన మోటారొకటి ముందుకు లాక్కుని విప్పసాగింది. కాసేపు నిలబడి, వచ్చేశాను.

బస్సులో కూర్చున్నాక, సిగ్గుతో పాటే, పాడాలనిపించేంత తేలికగా ఉంది. క్షమాపణ దొరకని మనిషికి ఇంత సంతోషం తగునా? తెలియదు. ఉంది, అంతే. కండక్టరు నా ఒళ్ళో గిటారు చూసి ఆగాడు.

"మస్తుందమ్మా. ఏడ కొన్నవ్?"

"కొనలే. మేమే చేసినం," అన్నాను. "చెక్క నాది. లోపల మోగేది తాండూరు జరీనా ఆపాది."