మసి వాసన

చీపురుపల్లి దాటాక పాసింజరు బండిలో మూడు చిన్న బ్రష్‌లు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి నైలాన్‌ది, ఒకటి ఇత్తడిది, ఒకటి స్టీలుది. నేను ఎన్‌సీసీ నేర్పే కాలేజీ రైఫిళ్ళలో తూటా కూర్చునే చోట మసి గట్టిగా పట్టేసింది. రైఫిల్ మసికి స్టీలుదే సరైన మందు అని పైకే అనేశాను.

"అది వద్దు బాబూ. మసితో పాటు తుపాకీ లోపలంతా గీతలు పడిపోతాయి. ఇత్తడిది నూనెలో ముంచి తిప్పండి," అంది ఎదురుగా చిక్కుడుకాయలు ఒలుస్తున్నావిడ.

మీరు తుపాకీ కాల్చడం నేర్చుకున్నారా అని అడిగాను.

"సదువుకున్నప్పుడు ఎన్‌సీసీ కేంపులకెళ్ళీదాన్ని. తోమడం ఆడపిల్లలకి బాగా వస్తాదని తుపాకులన్నీ మాకే ఇచ్చీవోరు. కాల్సడానికి మా వంతు వచ్చీసరికి తూటాలు అయిపోయీవి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఇత్తడి బ్రష్ అందుకుని వాసన చూసింది. కొత్తదని తిరిగి ఇచ్చేసింది.

"ఆ మసి వాసన ఇప్పటికీ సేతులకి ఉన్నట్టే ఉంటాది. సప్పుడు మాత్రం దూరం నుంచే విన్నాను," అని మళ్ళీ చిక్కుళ్ళ మీద పడింది.

ఆ ప్రయాణం తర్వాత నుంచి మా కాలేజీ కాల్పుల రేంజిలో ఆడపిల్లలే ముందు కాలుస్తారు. ఎవరు కాల్చిన రైఫిల్ వాళ్ళే తోమాలి. మగపిల్లలు తోముతూ నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. రైల్లో ఆవిడ వంతు మాత్రం ఇక ఎలాగూ రాదు.